హార్ప్ వేడి చేసేది దేన్ని?

హార్ప్ అనే అమెరికా రేడియో పరిశోధన కేంద్రం ఆకాశాన్ని వేడి చేస్తుందన్న మాట పుకారు కాదు, నిజమే. అలాస్కాలో గకోనా అనే చిన్న ఊరి దగ్గర 33 ఎకరాల్లో 180 యాంటెన్నాలు నిలబెట్టి, వాటి నుంచి 36 లక్షల వాట్ల రేడియో తరంగాలను పైకి పంపి, నేలకు వంద నుంచి మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న పొరను కావాలనే వేడెక్కిస్తారు. ఆ పని చేసే శాస్త్రవేత్తలే దాన్ని హీటర్ అంటారు. నార్వేలో ట్రోమ్సో దగ్గర 1980 నుంచి ఇలాంటిదే ఇంకొకటి నడుస్తోంది, దాన్ని అందరూ పిలిచేదే 'హీటింగ్' అని. అందుకే తుపాను వచ్చిన ప్రతిసారీ అది హార్ప్ పనేనంటూ వాట్సాప్‌లో తిరిగే వీడియోలకు "అదంతా ఉత్తిదే, అలాంటివేమీ లేవు" అని జవాబిస్తే, అవతలి మనిషి ఆ యాంటెన్నాల ఫొటో తీసి మన ముందు పెడతాడు, అక్కడితో మన మాటకు విలువ పోతుంది. యాంటెన్నాలు ఉన్నాయి, వేడి కూడా చేస్తాయి. అడగాల్సింది దేన్ని చేస్తాయి, ఎంత చేస్తాయి అని.

ఆ ఎత్తులో ఉన్నదాన్ని అయనోస్ఫియర్ అంటారు. సూర్యుడి నుంచి వచ్చే తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, అవి విడిగా తిరుగుతుంటాయి. రేడియో సిలోన్ తెలుగు పాటలు సముద్రం దాటి మన ఊళ్ళలోకి వచ్చింది ఈ పొర దయవల్లే: షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్ళి, ఆ ఎలక్ట్రాన్లకు తగిలి, కిందికి తిరిగొచ్చేది. పాట ఒకసారి దగ్గరకొచ్చినట్టు, మరోసారి దూరం జరిగినట్టు వినిపించడానికి కారణం కూడా ఆ పొర నిలకడగా ఉండకపోవడమే.

250 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఇక్కడ మనం పీల్చే గాలితో పోలిస్తే అక్కడ అణువుల సంఖ్య సుమారు వెయ్యి కోట్లలో ఒక వంతు. అందులోనూ విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు వెయ్యింటికి ఒకటో, అంతకన్నా తక్కువో. హీటర్ వేడి చేసేది ఈ ఎలక్ట్రాన్లను మాత్రమే. మామూలుగా అక్కడ ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వెయ్యీ రెండు వేల డిగ్రీలు ఉంటుంది. హీటర్ ఆన్ చేస్తే అది మూడు వేలు దాటడం ట్రోమ్సోలోని రాడార్ కొలిచి చూపించింది. మూడు వేల డిగ్రీలు అనగానే గుండె గుభేలుమంటుంది కానీ, దీపావళికి కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వ కూడా వెయ్యి డిగ్రీల పైమాటే, చేతి మీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది, ఎందుకంటే అందులో పదార్థం లేదు. ఉష్ణోగ్రత వేరు, ఉన్న మొత్తం వేడి వేరు. పైగా ఎలక్ట్రాన్ బరువు ఒక ఆక్సిజన్ పరమాణువు బరువులో 29 వేలలో ఒక వంతు మాత్రమే కావడంతో, అది వెళ్ళి ఢీకొట్టినా ఆ పరమాణువుకు అందే శక్తి చాలా తక్కువ. రేడియో ఆపేసిన కొన్ని సెకన్లలో, కాస్త అటూ ఇటూగా, ఎలక్ట్రాన్లు మళ్ళీ మామూలు స్థితికి వచ్చేస్తాయి. వేడి వల్ల ఏర్పడిన చిన్న చిన్న అలజడులు ఇంకొన్ని నిమిషాలు మిగులుతాయి.

ఈ సంగతి మొదట బయటపడింది ఏ సైనిక స్థావరంలోనూ కాదు, ఒక రేడియో సెట్టులో. 1933లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో టెలెగెన్ అనే ఇంజనీరు స్విట్జర్లాండ్ వాళ్ళ బెరోమున్స్టర్ స్టేషన్ వింటుంటే, వెనకాల లక్సెంబర్గ్ స్టేషన్ కార్యక్రమం వినిపించింది. రెండింటి ఫ్రీక్వెన్సీలు వేరు, ఆయన సెట్టులో లోపం లేదు. మరుసటి ఏడాది బెయిలీ, మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కారణం చెప్పారు: లక్సెంబర్గ్ స్టేషన్ ఆ రోజుల్లో చాలా బలమైనది, దాని తరంగం పై పొరలోని ఎలక్ట్రాన్లను తన పాట లయకు తగ్గట్టు వేడి చేస్తోంది, ఆ వేడికి ఎలక్ట్రాన్లు అణువులను ఢీకొట్టే వేగం మారుతోంది, దాంతో అదే చోటు నుంచి వెళ్ళే రెండో స్టేషన్ తరంగం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పీల్చుకోబడుతోంది. అంటే ఒక పాట వెళ్ళి ఇంకో పాట మీద అచ్చు పడుతోందన్నమాట. ఎవరూ అనుకోకుండానే మనుషులు అయనోస్ఫియర్‌ను వేడి చేశారు. తర్వాత వచ్చిన హీటర్లన్నీ ఆ పనినే తెలిసి, కొలిచి, ఆపాలనుకున్నప్పుడు ఆపుతూ చేస్తున్నాయి.

ఇక ఎంత అన్నది. యూట్యూబ్‌లో హార్ప్ శక్తి వందల కోట్ల వాట్లని చెప్తుంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. హార్ప్ నిజంగా పంపేది 3.6 మెగావాట్లు (ముందు చెప్పిన 36 లక్షల వాట్లే), అంతే. కానీ 180 యాంటెన్నాలూ ఒక వరసలో కలిసి పనిచేయడంతో ఆ శక్తి నలుదిక్కులా చెదిరిపోకుండా సన్నటి పుంజంగా పైకి పోతుంది. నాలుగు వైపులా సమానంగా పంపే ఒక యాంటెన్నాతో ఆ పుంజం మధ్యలో ఉన్నంత తీవ్రత రావాలంటే ఎంత పవర్ కావాలి అని లెక్కేస్తే 510 కోట్ల వాట్లు వస్తుంది. అది పోల్చి చెప్పుకోవడానికి వాడే సంఖ్య, అంత కరెంటు అక్కడ ఎవరూ పుట్టించడం లేదు.

ఆ పుంజం 250 కిలోమీటర్లు పోయేసరికి పదుల కిలోమీటర్ల వెడల్పుకు పరుచుకుంటుంది. లెక్కేసి చూస్తే, అక్కడ ఒక చదరపు మీటరు మీద పడేది దాదాపు 6 మిల్లీవాట్లు. సూర్యుడి నుంచి అదే చదరపు మీటరుకు వచ్చేది 1360 వాట్లు, అంటే రెండు లక్షల రెట్లకు పైనే. చాలామంది ఇక్కడితో ఆపేసి "చూశారా, ఏమీ లేదు" అంటారు. నాకు ఆ వాదన పూర్తిగా నచ్చదు, ఎందుకంటే ఏమీ లేకపోతే ప్రయోగం ఎలా పనిచేస్తుంది? అసలు విషయం ఏంటంటే ఆ 1360 వాట్లలో దాదాపు మొత్తం ఆ పొరను తాకకుండా నేరుగా కిందికి దిగిపోతుంది. అయనోస్ఫియర్‌ను పుట్టించే తీవ్ర అతినీలలోహిత కిరణాల వాటా చదరపు మీటరుకు కొన్ని మిల్లీవాట్లు మాత్రమే. హార్ప్ పంపే 6 మిల్లీవాట్లు దాంతో తూగుతాయి. అందుకే ఆ చిన్న ప్రాంతంలో, ఆ పలచటి పొరలో, ఎలక్ట్రాన్ల మీద మాత్రం దాని ప్రభావం కనిపిస్తుంది. ఇంకో సంగతి, అక్కడి ఎలక్ట్రాన్ల సాంద్రతకు సహజంగా ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది, పంపే తరంగం ఫ్రీక్వెన్సీ సరిగ్గా దానికి సరిపోయే ఎత్తులో తరంగం నెమ్మదించి, ఉబ్బి, తన శక్తిని ఎలక్ట్రాన్లకు అప్పజెప్తుంది. హార్ప్ 2.7 నుంచి 10 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేయడానికి కారణం అదే, అయనోస్ఫియర్ సహజ ఫ్రీక్వెన్సీలు చాలావరకు ఆ మధ్యలోనే ఉంటాయి.

అదే కారణం వల్ల ఆ తరంగాలు వాతావరణాన్ని ముట్టుకోలేవు. మన వానలూ తుపానులూ అన్నీ నేల నుంచి 15, 17 కిలోమీటర్లలోపే. అక్కడ విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు, అక్కడి గాలి గానీ మబ్బులు గానీ ఈ ఫ్రీక్వెన్సీలను పీల్చుకోవు, తరంగం వాటి గుండా అలాగే దూసుకుపోతుంది. ముసురు పట్టిన రోజున కూడా షార్ట్‌వేవ్ స్టేషన్లు వచ్చేవి కదా. మైక్రోవేవ్ ఓవెన్ నీటిని వేడి చేస్తుంది, నిజమే, కానీ అది వాడేది 2450 మెగాహెర్ట్జ్.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఇతర దేశాల వాళ్ళు కావాలని క్లౌడ్ బరస్ట్ చేస్తున్నారని అంటున్నారని, అదెంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఆ మాట చాలా రోజులు చర్చల్లో నలిగింది. నేను ఒక చిన్న లెక్క చేసి చూశాను. ఒకే ఒక్క చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడాలంటే పది కోట్ల లీటర్ల నీరు ఆవిరి నుంచి నీరుగా మారాలి. ఆ మార్పులో చేతులు మారే శక్తి ఎంతంటే, హార్ప్ రాత్రీ పగలూ పూర్తి పవర్‌తో ఆగకుండా రెండేళ్ళు పంపినా దానికి సమానం కాదు. ఒక్క చదరపు కిలోమీటరుకే ఇంత. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైన. "మొత్తం శక్తి అక్కర్లేదు, చిన్న తోపు చాలు" అని కొందరంటారు. తోయాలన్నా ముందు తాకాలి కదా, తాకనిది దేన్నీ తోయలేదు.

భూకంపాల సంగతీ అంతే. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపాన్ని కూడా హార్ప్ ఖాతాలో వేశారు. ఆ తీవ్రత ఉన్న భూకంపం అలల రూపంలో వదిలే శక్తి, హార్ప్ 250 ఏళ్ళకు పైగా నిరంతరాయంగా పంపే శక్తికి సమానం. యాభై వేలమందికి పైగా చనిపోయిన ఆ ఘోరం వెనక నాసిరకం కట్టడాలున్నాయి, పట్టించుకోని నిబంధనలున్నాయి. నింద అలాస్కా మీదకు పోతే ఆ ప్రశ్నలన్నీ పక్కకు పోతాయి, నాకు బాధ కలిగించేది అదే.

అయితే ఈ అనుమానాలు గాల్లోంచి పుట్టలేదు, ఆ మాటా ఒప్పుకోవాలి. 1987లో బెర్నార్డ్ ఈస్ట్‌లండ్ అనే భౌతిక శాస్త్రవేత్తకు అమెరికాలో ఒక పేటెంట్ వచ్చింది. అలాస్కాలో దొరికే సహజవాయువుతో కరెంటు పుట్టించి, బ్రహ్మాండమైన రేడియో శక్తిని ఆకాశంలోకి పంపి, శత్రువుల క్షిపణులను దెబ్బతీయొచ్చని, వాతావరణాన్ని కూడా మార్చొచ్చని అందులో రాసి ఉంది. ఆ వాయువు నిల్వలున్న ఆర్కో అనే చమురు కంపెనీ అనుబంధ సంస్థే మొదట్లో హార్ప్ కాంట్రాక్టు పొందింది. 1993లో కట్టడం మొదలైంది, డబ్బు అమెరికా వైమానిక దళానిది, నౌకాదళానిది, తర్వాత డార్పా అనే సైనిక పరిశోధన సంస్థది. 1999లో యూరప్ పార్లమెంటు కూడా హార్ప్ మీద ఆందోళన చెబుతూ తీర్మానం చేసింది. పేటెంట్‌లో ఊహించిన దానికీ, గకోనాలో కట్టినదానికీ శక్తిలో పోలికే లేదు. కానీ సైన్యం సొమ్ము, చుట్టూ కంచె, చేతిలో ఆ పేటెంట్ కాగితం ఉన్నప్పుడు జనం అనుమానించకుండా ఎలా ఉంటారు?

సైన్యానికి నిజంగా కావలసింది జలాంతర్గాములతో మాట్లాడటం. ఉప్పునీటిలోకి మామూలు రేడియో దిగదు. ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువైతే అంత లోతుకు పోతుంది, కానీ అంత పెద్ద యాంటెన్నా కావాలి. అమెరికా నేవీ విస్కాన్సిన్‌లో, మిషిగన్‌లో అడవుల మధ్య మైళ్ళ కొద్దీ తీగలు లాగి 76 హెర్ట్జ్ మీద సందేశాలు పంపేది, 2004లో వాటిని మూసేశారు. ధ్రువాల దగ్గర వంద కిలోమీటర్ల ఎత్తులో, అరోరా (ధ్రువాల ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) వెలిగే చోట, సహజంగానే లక్షల ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంటుంది. హీటర్‌ను ఒక లయలో ఆన్, ఆఫ్ చేస్తే ఆ కరెంటు దారి కూడా అదే లయలో మారుతుంది, అప్పుడు ఆకాశమే యాంటెన్నా అవుతుంది. 1974లో సోవియట్ యూనియన్‌లో గోర్కీ శాస్త్రవేత్తలు ఇది సాధ్యమని చూపించారు. హార్ప్ కూడా చేసి చూపించింది. కానీ మెగావాట్లు పోస్తే చేతికొచ్చేది వాట్లలోనే, అదీ ఆ రోజు అరోరా కరెంటు సరిగ్గా ఉంటేనే. యుద్ధ సమయంలో ఇలాంటిదాన్ని ఎవరు నమ్ముకుంటారు? చివరికి వైమానిక దళం చేతులు దులుపుకుని 2015 ఆగస్టులో మొత్తాన్ని అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ఇప్పుడు అక్కడ ఓపెన్ హౌస్ పెట్టి జనాన్ని లోపలికి రానిస్తున్నారు.

జలాంతర్గాముల మాట వచ్చింది కాబట్టి వికారాబాద్ జిల్లా దామగుండం సంగతి కూడా చెప్పాలి. 2024 అక్టోబరు 15న అక్కడ నేవీ వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, తిరునెల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో అలాంటిది రెండోది. అది నేల మీది యాంటెన్నాతో నేరుగా సందేశాలు పంపే కేంద్రం, పై పొరలను వేడి చేయడం దాని పని కాదు. అక్కడి జనం అడుగుతున్నవి అడవి గురించి, కొట్టేసే చెట్ల గురించి, మూసీ పుట్టే కొండల గురించి. అవి జవాబు రావాల్సిన ప్రశ్నలు. వాటిలోకి హార్ప్‌ను లాక్కొస్తే నష్టపోయేది ఆ ప్రశ్నలు అడిగేవాళ్ళే.

మరి ఇదంతా ధ్రువాల దగ్గరే ఎందుకు? అరోరా కరెంటు ఒక కారణం. భూమి అయస్కాంత రేఖలు అక్కడ దాదాపు నిలువుగా ఉండటం ఇంకో కారణం. ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంట సులభంగా జారతాయి, అడ్డంగా కదలలేవు, కాబట్టి పుంజాన్ని సరిగ్గా రేఖ వెంట గురిపెడితే ప్రభావం బాగా పెరుగుతుంది. అలా వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పరమాణువులకు తగిలితే అవి వెలుగుతాయి, సహజ అరోరాలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ రంగులే. చాలాకాలం వరకు ఈ వెలుగు కెమెరాలకే చిక్కేది. 2005లో పెడర్సన్, గెర్కెన్ అనే శాస్త్రవేత్తలు హార్ప్‌తో కంటికి కనిపించేంత ఆకుపచ్చ చుక్కలు తెప్పించామని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. కృత్రిమ అరోరా అంటే ఇదే, అందులో దాచుకున్నదేమీ లేదు.

అందుకే 2024 మేలో గందరగోళం ఇంకా పెరిగింది. ఆ నెల 8 నుంచి 10 దాకా హార్ప్‌లో ప్రయోగాలు నడిచాయి. 10న రెండు దశాబ్దాల్లో అతి పెద్ద సౌర తుపాను (సూర్యుడి నుంచి ఎగసి వచ్చే విద్యుదావేశ కణాల ఉప్పెన) భూమిని తాకి, లడఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడటం కెమెరాలకు చిక్కింది. రెండూ కలిసి రావడం కేవలం యాదృచ్ఛికం. పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు ధ్రువాల పై వాతావరణంలోకి వందల గిగావాట్ల శక్తి దిగుతుంది (గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు). ఒక్క వంద గిగావాట్లే తీసుకున్నా, 27 వేల హార్ప్‌లు ఒకేసారి నడిచినదానికి సమానం. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌర తుపానుకే పై వాతావరణం వేడెక్కి ఉబ్బి, అప్పుడే పైకి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 ఆ గాలి రాపిడికి కక్ష్య అందుకోలేక రాలిపోయాయి. ఆకాశం వేడెక్కుతోందని ఎవరైనా భయపడాలంటే భయపడాల్సింది ఈ వేడికి.

ఈ సహజమైన వేడినీ అలజడినీ అర్థం చేసుకోవడానికే హీటర్లు కావాలి. మన దగ్గర సాయంత్రం పొద్దుగూకాక, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ, అయనోస్ఫియర్‌లో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి పైకి లేచి జీపీఎస్ సిగ్నళ్ళను చెదరగొడతాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు దశాబ్దాలుగా ఈ పొరను చదువుతున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద ఈ అలజడులను గమనిస్తుంది (అది చూసే రాడార్, వేడి చేసేది కాదు). గాదంకిలో చేయగలిగింది ప్రకృతి ఎప్పుడు ఏం చేస్తుందా అని కాచుకుని కూర్చోవడం. ట్రోమ్సోలో, గకోనాలో ఆ అలజడిని చిన్న మోతాదులో తామే పుట్టించి, ఏ సెకనులో మొదలైంది, ఎంతసేపట్లో ఆరిపోయింది అని కొలుస్తారు. పై వాతావరణ శాస్త్రంలో మీట నొక్కి ప్రయోగం చేసే వీలు ఇంకెక్కడా దాదాపు లేదు, నేను హీటర్లను ఇంతగా వెనకేసుకొచ్చేది అందుకే.

ట్రోమ్సోలో చేసిన ఒక ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎండాకాలంలో ధ్రువాల మీద 80 నుంచి 90 కిలోమీటర్ల మధ్య భూమి వాతావరణంలోకెల్లా చల్లటి చోటు ఏర్పడుతుంది, అక్కడ కంటికి ఆనని మంచు రేణువులు పుడతాయి. అవి ఎలక్ట్రాన్లను అంటించుకుని విద్యుదావేశం పొందుతాయి, వాటి వల్ల రాడార్‌కు బలమైన ప్రతిధ్వని వస్తుంది. హీటర్ ఆన్ చేయగానే ఆ ప్రతిధ్వని పడిపోతుంది. ఆఫ్ చేస్తే ఉన్న చోటికి తిరిగి రావాలి కదా, అలా కాకుండా మొదట ఉన్నదానికన్నా కొన్ని రెట్లు బలంగా లేచి, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. ఎందుకంటే వేడిగా ఉన్న ఆ కొద్ది సెకన్లలో రేణువులకు మామూలుకంటే ఎక్కువ ఎలక్ట్రాన్లు అంటుకుంటాయి, వేడి తీసేసినా అవి వెంటనే వదలవు. ఆ లేచిన ఎత్తును బట్టి, దిగిన తీరును బట్టి రేణువుల పరిమాణం ఎంతో, ఆవేశం ఎంతో అంచనా వేస్తారు. 85 కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్ పోలేదు, ఉపగ్రహం అంత కిందికి దిగి తిరగలేదు, రాకెట్ వెళ్ళినా దాటిపోవడానికి పట్టేది క్షణాలే. నేల మీద కూర్చుని, ఒక మీట ఆన్ చేసి ఆఫ్ చేసి, ఆ మంచు ధూళిని రోజంతా అడిగి తెలుసుకోగలుగుతున్నారు.